గన్నేరు నీళ్ళు, గరిక మడి

ఇలా రా బంగారూ. ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? నీ పిల్లికూన చెవిలో నువ్వు పెట్టిన పచ్చగన్నేరు పువ్వుని అమ్మమ్మ లాగేసుకుందనే కదా నీ కోపం? సరే, ఆ కోపాన్ని అలా గూట్లో పెట్టి నువ్వు దుప్పట్లోకి రా. కూననీ తెచ్చుకో. ఎందుకు లాక్కున్నానో నేను చెప్పను, కథ చెబుతుంది. నువ్వు ఊఁ కొట్టడం మానావంటే మాత్రం కథ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తెలిసిందా?

అనగనగా, గోదారి రెండు పాయలుగా విడిపోయి మళ్ళీ కలుసుకునే చోట ఒక లంక. ఆ లంక మీద పువ్వులంక అని ఒక ఊరు. చుట్టూ నీళ్ళే. డాక్టరు కావాలన్నా, దారపుండ కావాలన్నా రేవుకి వెళ్ళి పడవెక్కాల్సిందే.

ఆ ఊళ్ళో మంగతాయారు అని ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త సీతాపతికి అవతలి ఒడ్డున కాలవ లాకుల దగ్గర పని. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పెరడు, ఆ పెరట్లో ప్రహరీ వారంట పన్నెండు గన్నేరు చెట్లు. ఎర్రవి, తెల్లవి, గులాబిరంగువి. వాటిని ఆవిడ అత్తగారు నాటింది. అత్తగారు పోయాక ఆవిడ గుర్తుగా మిగిలినవి అవే.

వాటితో పాటు ఒక పిల్లి కూడా ఉండేది. దాని పేరేంటో తెలుసా? చిక్కుడు!

నవ్వొచ్చిందా? వానాకాలంలో ఒకనాడు చిక్కుడు పాదు కింద ఏదో కుయ్ కుయ్‌మంటుంటే మంగతాయారు వంగి చూసింది. తడిసి ముద్దయి, పుల్లలాంటి కాళ్ళతో ఒక పిల్లికూన కనిపించింది. కొంగులో చుట్టి లోపలికి తెచ్చింది. అప్పటినించీ అది చిక్కుడు అయిపోయింది. పెద్దదయ్యాక చింతపిక్కల రంగు మచ్చలు తేలాయి గానీ పేరు మాత్రం మారలేదు.

ఆ చిక్కుడుకి ఒక అలవాటు. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, లేత గరిక చూసుకుని, తల పక్కకి వాల్చి నాలుగు పరకలు కసకసా నమిలేది. అప్పుడప్పుడూ కక్కేది. మళ్ళీ హాయిగా తిరిగేది. ఇంకో సరదా కూడా ఉండేది దానికి. ఎక్కడైనా కుప్పింటాకు మొక్క వేరు బయటపడిందంటే చాలు, దాని మీద పడి దొర్లేది, మొహం రుద్దుకునేది, పూనకం వచ్చినట్టు ఊగేది.

"పిల్లివా, మేకవా నువ్వు?" అనేది మంగతాయారు.

మేకలంటే గుర్తొచ్చింది. పక్కింట్లో గంగరత్నం ఉండేది. ఆవిడకి పద్నాలుగు మేకలు, ఒక పెద్ద నోరు. ఆ రెండూ దడి దాటి వస్తుండేవి.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

ఆ ఏడాది ఉగాదినాడు మంగతాయారు లక్షపూల నోము పట్టింది. ఏడాది తిరిగేలోపు శివుడికి లక్ష పువ్వులు సమర్పించాలి. అన్నీ తన పెరట్లో పూసినవే అయ్యుండాలి. ఆ నోముకి అత్తగారు చెప్పిన నియమం ఒకటుంది. కోసిన పువ్వు నేల తాకకూడదు. తాకిందా, నోము మొత్తం మళ్ళీ మొదటి పువ్వు నించీ పట్టాలి.

అందుకని మంగతాయారు ఒక కొత్త వెదురుబుట్ట కొంది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. రోజూ సాయంత్రం విచ్చబోయే గన్నేరు మొగ్గలు కోసి ఆ బుట్టలో వేసుకునేది. అరుగు మీద ఇత్తడి తాంబాళం పెట్టి, నిండా నీళ్ళు పోసి, మొగ్గల్ని అందులో తేలేసేది. తెల్లారేసరికి అవి విచ్చుకునేవి. మళ్ళీ బుట్టకెత్తి గుడికి పట్టుకెళ్ళేది. అలా పదకొండు నెలలు గడిచాయి. ఒక్క పువ్వు జారలేదు.

అప్పుడు మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చింది. ఎండలు ముదిరాయి. ఉగాదికి ఉద్యాపన చెయ్యాలి, అంటే నోము తీర్చుకునే పండగ. ఊరంతా వస్తారు. పెరడు అద్దంలా ఉండొద్దూ? మంగతాయారు కొంగు బిగించి గడ్డపార పట్టింది. గరికంతా పీకేసింది. కుప్పింటాకు ఒక్క మొక్క లేకుండా ఏరి పారేసింది. పచ్చటి పిచ్చిమొక్కన్నది లేకుండా పెరడంతా అలికి ముగ్గు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే చిక్కుడు పెరట్లోకి వచ్చి నిలబడింది. అటు చూసింది. ఇటు చూసింది. ముగ్గు వాసన చూసి తుమ్మింది. దాని గరిక ఏదీ? లేదు.

ఆ తర్వాత మూడు సంగతులు జరిగాయి. వింటున్నావా?

మొదటిది మేకల సంగతి. ఒక మధ్యాహ్నం గంగరత్నం మేకలు దడి తోసుకుని లోపలికి జొరబడ్డాయి. మందారం కొమ్మలు మోడు చేశాయి. గులాబీ చిగుళ్ళు ముళ్ళతో సహా లాగించేశాయి. చిక్కుడు పాదులో ఒక్క ఆకు మిగల్లేదు. మంగతాయారు కర్ర పట్టుకుని వచ్చేసరికి మేకలన్నీ గన్నేరు చెట్ల నీడలో పడుకుని నెమరేసుకుంటున్నాయి.

"నా నోము పాడుచెయ్యడానికే పెంచుతున్నావే ఈ మంద!" అని అరిచింది మంగతాయారు.

గంగరత్నం పరిగెత్తుకొచ్చి చెంపలేసుకుంది. "తప్పయిపోయిందొదినా. అయినా చూడు, నీ నోము పువ్వుల జోలికి వెళ్ళలేదుగా. గన్నేరంటే మేక మూతి తిప్పుకుంటుంది. ఆ చెట్టు పాలు విషం. ఒదినా, నీకు పిల్లి ఉంది, కాస్త చూసుకో."

"అపచారం! శివుడి నెత్తినెక్కే పువ్వుని విషమంటావా? పూజకి పనికొచ్చిన పువ్వు ఎవరికి కీడు చేస్తుందే?" అంది మంగతాయారు.

"శివుడు హాలాహలమే మింగాడు తల్లీ. ఆయనకేం, గొంతులో దాచుకుంటాడు. నీ చిక్కుడుకి అంత గొంతు లేదు."

"పిల్లి ఆకులెందుకు తింటుందే! నీ మేకనుకున్నావా?"

రోజూ గరిక నమిలే పిల్లిని కళ్ళారా చూస్తూనే ఆ మాట అంది చూడు! ఒక్కోసారి అంతే తల్లీ. మనకి నచ్చనిది మన కంటి ముందున్నా కనపడదు.

రెండోది కుండీ సంగతి. ఆ శనివారం సీతాపతి లాకుల దగ్గర్నించి వస్తూ, ఉద్యాపనకి ఇంటిముందు అందంగా ఉంటుందని ఒక కుండీ తెచ్చాడు. అరచేతులంత వెడల్పు ఆకులు, వాటి నిండా తెల్ల మచ్చలు. చిక్కుడుకి మూతికందేలా పచ్చగా కనిపించింది అదొక్కటే. వెళ్ళి ఒక ఆకు అంచు కొరికింది. కొరికిందో లేదో, నోట్లో వెయ్యి సూదులు గుచ్చినట్టయింది. చొంగ కారుస్తూ, పాదంతో మూతి గీక్కుంటూ ఇల్లంతా తిరిగింది.

మంగతాయారు తడిగుడ్డతో దాని మూతీ నోరూ తుడిచింది. చిప్పలో చన్నీళ్ళు పెట్టింది. సాయంత్రానికి వాపు తగ్గింది. కుండీని సీతాపతితో పాటే పడవలో వెనక్కి పంపించేసింది.

"పీడ పోయింది. ఇంక నా పెరట్లో ఉన్నవన్నీ దేవుడి మొక్కలే" అనుకుంది.

మూడోది... కూనని దగ్గరికి తీసుకో. మూడోది కొంచెం బెంగగా ఉంటుంది.

ఉగాది ఇంకా పదకొండు రోజులుంది. ఉద్యాపనకి పప్పులు బాగుచెయ్యడం, విస్తళ్ళు కుట్టడం, చుట్టాలకి కబుర్లు పంపడం. ఆ హడావిడిలో మంగతాయారు ఒక చిన్న పని మర్చిపోయింది. పిల్లి చిప్పలో నీళ్ళు పొయ్యలేదు. చిప్ప ఎండిపోయింది. వడగాలికి చిక్కుడు నాలుక పీక్కుపోయింది. రాత్రయినా ఎక్కడా గుక్కెడు నీళ్ళు దొరకలేదు. అరుగు మీద ఇత్తడి తాంబాళంలో మాత్రం చల్లటి నీళ్ళున్నాయి. వాటి మీద గులాబిరంగు గన్నేరు మొగ్గలు తేలుతున్నాయి.

చిక్కుడు ముక్కుతో మొగ్గల్ని పక్కకి నెట్టింది. లపలపా తాగింది.

తెల్లారింది. మంగతాయారు స్నానం చేసి, పువ్వులన్నీ బుట్టకెత్తుకుని గుడికి బయల్దేరబోయింది. రోజూ కాళ్ళకి అడ్డం పడే చిక్కుడు రాలేదు. పిలిచింది. పలకలేదు. వెతికితే వడ్లగాదె వెనకాల కనపడింది. చుట్టూ కక్కు. కళ్ళు సగం మూసుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఎత్తితే తడిబట్టలా చేతుల్లోంచి వేలాడింది.

"అయ్యో చిక్కుడూ! ఏమైందే నీకు?"

ఆ కేకకి వీధిలోవాళ్ళు పోగయ్యారు. మనవాళ్ళకి సలహాలకి కరువేముంది?

ఎదురింటావిడ, "దిష్టి కొట్టింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్" అంది. మంగతాయారు తిప్పింది. పొయ్యిలో వేసింది. అందరూ దగ్గారు. చిక్కుడు కదల్లేదు.

అప్పుడు వీధి చివరి తాతగారు, "ఉప్పునీళ్ళు పట్టించి కక్కించమ్మా" అన్నాడు. మంగతాయారు గ్లాసులో ఉప్పు కలుపుతోంది.

ఇంతలో చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ, "ఉప్పొద్దు, ఆముదం మంచిది. ముక్కు మూసి పొయ్యి" అంది. మంగతాయారు గ్లాసు పక్కనపెట్టి ఆముదం సీసా అందుకుంది. పాపం, ఎవరేం చెప్పినా చేసేలా ఉంది.

సరిగ్గా అప్పుడే దడి అవతల్నించి ఒక పెద్ద నోరు వినపడింది.

"ఆగొదినా! దాని నోట్లో ఏం పొయ్యకు! స్పృహ లేని జీవాలకి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయినేడు నా మేకపిల్లని నేనలాగే చంపుకున్నాను."

గంగరత్నం దడి దాటి వచ్చింది. ఎప్పుడూ మేకలే కదా దాటేది, ఆ రోజు ఆవిడ దాటింది. వచ్చి చిక్కుడు గుండె మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. మొహం మారిపోయింది.

"ఏం తిందిది?"

"ఏమీ తినలేదే. నిన్న పెట్టిన పెరుగన్నం కూడా అలాగే ఉంది."

"పోనీ, ఏం తాగింది?"

మంగతాయారు చిప్ప వైపు చూసింది. చిప్ప ఎండి, అడుగున చీమలు పాకుతున్నాయి. అప్పుడు అరుగు వైపు చూసింది. తాంబాళంలో నీళ్ళు నిన్న సాయంత్రం పోసినంత లేవు. అంచుకి నాలుగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. చింతపిక్క రంగు వెంట్రుకలు.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏడవడం పడవలో ఏడుద్దువు గాని. పద, పశువులాసుపత్రికి. రేవులో మొదటి పడవ వెళ్ళిపోతుంది. దీన్ని దేంట్లో పెడతావు? గాలాడేది చూడు. సంచీ వద్దు, ఊపిరాడదు" అంది గంగరత్నం.

గాలాడేది, మూత ఉన్నది, పిల్లి పట్టేది ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. నోము బుట్ట.

ఆ బుట్ట నిండా పువ్వులున్నాయి. ఇంకా పదిరోజులే మిగిలాయి. ఒక్క పువ్వు జారకుండా ఏడాదంతా కాపాడుకున్న నోము. పువ్వుల్ని మెల్లగా ఒక్కొక్కటీ తీసి ఇంకోచోట సర్దుకోవచ్చు. కానీ అవతల రేవులో పడవకి జనాన్ని పిలుస్తున్న కేక వినపడుతోంది.

మంగతాయారు బుట్టని రెండు చేతులా ఎత్తింది. బోర్లించింది.

పువ్వులన్నీ నేల మీద రాలాయి. చుట్టూ ఉన్నవాళ్ళు, "అయ్యయ్యో, నోము!" అన్నారు. ఆవిడ వినలేదు. పాత చీర ముక్కతో బుట్టని లోపలంతా గట్టిగా తుడిచి, ఇంకో మెత్తటి ముక్క పరిచి, చిక్కుడుని పడుకోబెట్టింది. గంగరత్నం ఒక గన్నేరు రెమ్మని గుడ్డతో పట్టుకుని విరిచి కాగితంలో చుట్టింది.

"అదెందుకే?"

"డాక్టరమ్మ మొదట అడిగేది అదే. నోటితో చెప్పలేని జీవం కదా, మనమే చెప్పాలి."

రేవుకి వెళ్ళేసరికి పడవ నడిపే పల్లయ్య గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "ఇంకో ఆరుగురు రావాలి. పిల్లి కోసం పడవ కదపమంటావా రత్నమ్మా?" అన్నాడు.

"ఏం పల్లయ్యా, మొన్న కార్తీకంలో నీ తెరచాప కొరికిన ఎలకల్ని పట్టింది నువ్వా, మీ మావా? మూడు రోజులు నీ పడవలోనే కాపురం ఉంది కదా ఈ పిల్లి! అప్పుడు దాన్ని ఆరుగురు మనుషుల్ని తెచ్చుకోమన్నావా?"

పల్లయ్య బుట్టలోకి తొంగి చూశాడు. చుట్ట నీళ్ళలో పారేశాడు. "చిక్కుడా! ముందే చెప్పొద్దూ!" అని గడ వేశాడు. ఆ రోజు గోదారి దాటినంత తొందరగా ఆ పడవ ఎప్పుడూ దాటలేదట.

ఊఁ... ఏడుస్తున్నావా? ఉండు, ఇంకా అయిపోలేదు. కళ్ళు తుడుచుకో.

పశువులాసుపత్రిలో డాక్టరమ్మ సులోచన ఉంది. అప్పుడే ఒక గేదె దూడకి కట్టు కడుతోంది. మంగతాయారు బుట్ట తెరవగానే దూడని వదిలేసి వచ్చింది. గంగరత్నం కాగితం విప్పి రెమ్మ చూపించింది.

"గన్నేరా! ఆకు తిందా, పువ్వు తిందా?"

"పువ్వులు నానబెట్టిన నీళ్ళు తాగిందమ్మా. సాయంత్రం నించీ నానిన నీళ్ళు. నేనే పెట్టాను" అంది మంగతాయారు.

డాక్టరమ్మ చిక్కుడు రొమ్ముకి గొట్టం ఆనించి విన్నది. చాలాసేపు విన్నది. "గుండె తప్పటడుగులు వేస్తోంది. నాలుగడుగులు వేసి ఆగిపోతోంది. ఇంకో గంట ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు. ఇప్పుడు కూడా మాటివ్వలేను. చూద్దాం" అంది.

అప్పుడు ముందుకాలి మీద కాస్త బొచ్చు గొరిగి సన్నటి సూది పెట్టింది. సెలైను ఎక్కించింది. ఏవేవో మందులిచ్చింది. మంగతాయారు బల్ల పక్కన నేల మీద కూర్చుంది. గంగరత్నం సాయంత్రం వరకూ ఉండి, "మేకల్ని తోలాలి, రేపొస్తాను" అని వెళ్ళింది. సీతాపతికి కబురందితే లాకుల దగ్గర్నించి సైకిలు మీద వచ్చి, ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

"నోము సంగతి విన్నాను" అన్నాడు మెల్లగా.

"నోము కాదండీ. చిప్పలో నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. దేవుడికి తాంబాళం నిండా పోశాను. దానికి గుక్కెడు పొయ్యలేదు."

సీతాపతి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

మొదటి రోజు చిక్కుడు కళ్ళు తెరవలేదు. రెండో రోజు తెరిచింది గానీ ఎవర్నీ గుర్తుపట్టలేదు. మూడో రోజు పొద్దున మంగతాయారు కునుకు తీస్తుంటే, చీర కొంగు ఎవరో లాగినట్టయింది. చూస్తే చిక్కుడు! తల పక్కకి వాల్చి, కొంగు అంచుని గరిక నమిలినట్టు నములుతోంది.

డాక్టరమ్మ గొట్టం పెట్టి విని నవ్వింది. "అడుగులు సర్దుకున్నాయి. ఇంక ఫర్వాలేదు."

అప్పుడు ఏడ్చింది మంగతాయారు. మూడు రోజులది ఒక్కసారే ఏడ్చింది.

వచ్చేముందు ఆవిడ డాక్టరమ్మని అడిగింది. "పూజ పువ్వు కదమ్మా, ఇలా ఎందుకు చేసింది?"

"అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదండీ. దాన్ని ఎవరూ మెయ్యకుండా తన ప్రాణం అది కాపాడుకుంటోంది. గన్నేరొక్కటే కాదు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా అంతే. బజారు కుండీల్లో బాకా మూతి లిల్లీలుంటాయి చూశారా, వాటి పుప్పొడి ఒంటి మీద పడితే పిల్లి నాక్కుంటుంది. ఆ కాస్తకే మూత్రపిండాలు పోతాయి. అయితే ఒకటడుగుతాను. మీ పిల్లి నమలడానికి పెరట్లో గరిక లేదా?"

మంగతాయారు తల దించుకుంది. "ఉండేదమ్మా. నేనే పీకేశాను."

"మళ్ళీ పెట్టండి. నమలడం దాని అలవాటు. మంచిది దొరక్కపోతే దొరికింది నములుతుంది."

ఇంటికొచ్చాక మంగతాయారు చిక్కుడుని గదిలో పెట్టి, తలుపేసి, గన్నేరు చెట్ల దగ్గరికి వెళ్ళింది. అత్తగారు నాటిన చెట్లు. "అత్తయ్యా, మీరే ఉంటే ఏం చేసేవారు?" అని అడిగింది. చెట్లేం చెప్తాయి? గంగరత్నం మాత్రం దడి అవతల్నించి చెప్పింది.

"మీ అత్తగారా? కుక్కపిల్ల కాలవలో పడితే పట్టుచీరతో దూకిన మనిషి. ఏం చేసేదో నీకు తెలీదా? ఉండు, పార తెస్తున్నా."

ఇద్దరూ చేతులకి గుడ్డలు చుట్టుకున్నారు. పన్నెండు చెట్లూ వేళ్ళతో సహా పెకలించారు. ఆకు కూడా మిగల్చకుండా ఏరారు.

"చలికాచుకోడానికి దాస్తావేమో, వద్దు. గన్నేరు పొగ కూడా చెడ్డదే. గట్టు మీద పడేస్తే ఏ దూడో ముట్టుకుంటుంది. కాలవలో వేస్తే నీళ్ళు పాడు" అని డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ గంగరత్నం తనవే అన్నట్టు చెప్పింది. నడుంలోతు గొయ్యి తవ్వి అన్నిట్నీ పాతిపెట్టారు. ఇత్తడి తాంబాళాన్ని మూడుసార్లు బూడిదతో తోమి, అటక మీద పెట్టేశారు.

ఆ తర్వాత ఆ ఖాళీ చోట మంగతాయారు ఒక మడి కట్టింది. నిండా గరిక నాటింది. మూలకి రెండు కుప్పింటాకు మొక్కలు. ప్రహరీ వారంట మందారం, మల్లె, గులాబీ. అరుగు మీదొకటి, పెరట్లో ఒకటి, వంటింటి గడప దగ్గరొకటి, మూడు చిప్పలు పెట్టింది. పొద్దున్నే తను కాఫీ తాగడానికి ముందు ఆ మూడిట్లో నీళ్ళు పొయ్యాలి. అది ఆవిడ కొత్త నియమం.

మరి నోమేమైంది అంటావా? ఉగాది వచ్చింది. ఉద్యాపన లేదు. చుట్టాలు రాలేదు. మంగతాయారు అరుగు మీద కూర్చుని గరిక మడి వంక చూస్తోంది. చిక్కుడు అందులో నడుందాకా మునిగి కసకసా నములుతోంది. అప్పుడామెకి చటుక్కున తట్టింది. గరికంటే వినాయకుడికి ఎంత ఇష్టం!

దడి దగ్గరికి పరిగెత్తింది. "గంగరత్నం! మళ్ళీ నోము పడుతున్నానే! లక్ష గరికల నోము. వినాయకుడికి!"

గంగరత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాగానే ఉందొదినా. కానీ పిల్లి మేసిన మడిలో గరిక పట్టుకెళ్తే వినాయకుడి ఎలక ఊరుకుంటుందా? ఆ వాసనకి పీఠం కింద దూరేస్తుంది!"

ఇద్దరూ దడి పట్టుకుని పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మడికి తూర్పు సగం వినాయకుడిది, పడమటి సగం చిక్కుడుది. మధ్యలో చిన్న గట్టు.

చిక్కుడు ఆ గట్టుని ఒక్కరోజు కూడా లెక్కచెయ్యలేదు. మంగతాయారు దేవుడి పక్క నించి కోస్తుంటే అదీ అటే వచ్చి కూర్చునేది. ఆవిడ కోసిన పరక చేతిలోంచి లాక్కునేది. "అది స్వామిదే!" అని ఆవిడ కసిరేది. కసిరి, ఆ పరక దానికే ఇచ్చేసేది. అలా ఇచ్చేసిన గరికలు లెక్కలోకి వస్తాయా రావా అని అడిగితే, గంగరత్నం ఏమందో తెలుసా?

"అవే ముందు వస్తాయొదినా."

ఏమిటే బంగారూ, లేచి కూర్చున్నావ్? కూన చెవి కడగాలా? ఇందాకే తడిగుడ్డతో తుడిచేశాను. నువ్వన్నం తింటుంటే దాని మూతీ, పాదాలూ కూడా తుడిచాను. భయంలేదు, చూడు ఎంత హాయిగా గుర్రుమంటోందో. నీ చేతులూ కడిగేశాంగా. పువ్వు పెడితే అందంగా ఉంటుందనే కదా పెట్టావు. నీకు తెలీదు. మంగతాయారుకీ తెలీదు. ఇప్పుడు తెలిసింది.

ఆ పువ్వెక్కడ కోశావు? నుయ్యి వెనకాలా? సరే. పొద్దున్నే ఇద్దరం వెళ్దాం. నేను పార తెస్తాను. నువ్వు గరిక దుబ్బు తీసుకురా. మడి ఎక్కడ కట్టాలో కూనే చూపిస్తుంది.

ఇప్పుడు కళ్ళు మూసుకో. చివరి పాట ఇద్దరం కలిసి చెబుదాం.

గన్నేరు గోతిలో మునిగె,
గరికేమో మడిలో పెరిగె,
చిప్పనిండ నీళ్ళు నిండె,
చిక్కుడమ్మ చల్లగుండె,
కథ కంచికి పడవెక్కె,
మన కూనేమో పక్కెక్కె!